బ్రగాదో వీధి జామీను

సాన్ తెల్మో, బ్వేనోస్ ఐరెస్
9 జనవరి 2007

ఎల్విరా,

ఇరవై రెండేళ్ళ తర్వాత నా పేరుతో కవరు చూసి, అన్న పోయాడని ఎవరో రాశారనుకుని ఉంటావు. పోలేదు. నేనే రాస్తున్నాను. మూడో తరగతిలో ఆగిపోయిన చెయ్యి, అక్షరాలకు వంకలు పెట్టకు. ఫోను చేయొచ్చు గానీ నీ గొంతు వింటే తిట్టేస్తాను. కాగితం మీద అయితే తిట్లు మొదలెట్టేలోపు చెయ్యి నొప్పి పుడుతుంది.

క్షేమసమాచారాలు తర్వాత. ముందు పని. నాకు జామీను కావాలి.

నేనుండే ఇంటిని, పాత యజమాని అవురేలియో పోయాక, కొడుకులు ఒక కంపెనీకి అమ్మేశారు. నలభై ఒక్క ఏళ్ళుగా వెనక గదిలో పడుకుని ముందు వసారాలో కుర్చీలకు పేము అల్లుకుంటున్నాను. అవురేలియో ఒక్కనాడు కాగితం అడగలేదు. నెల మొదట్లో వచ్చి కూర్చుని మాతే కషాయం తాగి, అద్దె జేబులో వేసుకుని, "ఇంకా బతికే ఉన్నావా?" అనేవాడు. "నీకు అద్దె ఎగ్గొట్టి పోతానా?" అనేవాణ్ణి. అదే మా ఒప్పందం.

కంపెనీ నుంచి లోరెనా అనే పిల్ల వచ్చింది. మంచిగానే మాట్లాడింది. "తాతగారూ, మిమ్మల్ని పొమ్మనటం లేదు. మీరిక్కడ కూర్చుని అల్లుతుంటే వీధికే అందం" అంది. "నేనేమన్నా గోడకు తగిలించే పటమా?" అన్నాను. నవ్వింది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. రెండేళ్ళకు ఒప్పందం రాయాలట. ఈ నగరంలో సొంత ఇల్లున్న మనిషి ఒకరు నాకు జామీనుగా సంతకం పెట్టాలట. నేను అద్దె కట్టకపోతే ఆ మనిషి ఇంటి మీద పడతారు. మార్చి ముప్పై ఒకటి గడువు. ఆ లోపల సంతకం తేకపోతే గది ఖాళీ చేయాలి.

ఈ వీధిని నువ్వు చూస్తే గుర్తుపట్టవు. అప్పట్లో పేరు చెబితే టాక్సీవాడు రానని తల తిప్పేవాడు. ఇప్పుడు టాక్సీలు దిగేవాళ్ళతో నడవటానికి దారి లేదు. రొట్టెల బట్టీలో బొమ్మల గాలరీ పెట్టారు. బొగ్గుల కొట్టు వైన్ కొట్టు అయింది. మా ఇంటి ముందుభాగంలో ఫబియాన్ అనే వంటవాడు హోటలు తెరిచాడు. పళ్ళేలకు కరువొచ్చినట్టు కూర పలక మీద పెట్టి ఇస్తాడు, జనం బారులు తీరి తింటారు. నేను వీళ్ళను ఆడిపోసుకోను. పాత కుర్చీలంటే వీళ్ళకు పిచ్చి. నాకు ఇంత పని ముప్పై ఏళ్ళలో లేదు. అద్దె ఎంతన్నా కడతాను. నీ ఇంటికి చీమంత భయం లేదు.

నిన్నే ఎందుకు అడుగుతున్నానంటే, ఈ నగరంలో సొంత ఇల్లున్నవాళ్ళు నా ఎరుకలో నువ్వొక్కదానివే. మాతాదెరోస్‌లో అమ్మ ఇల్లు. అమ్మ పోయాక నోటరీ ముందు నీ మొగుడు, "కుర్చీలల్లేవాడికి సగం ఇల్లిస్తే సారాకొట్టుకు చేరుతుంది" అన్నాడు. నేను నా సగం నీ పేర రాసేసి, వాళ్ళిచ్చిన కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చాను. ఇప్పుడు ఆ సగం అడగటం లేదు. ఒక్క ఇటుక కూడా అడగటం లేదు. సంతకం అడుగుతున్నాను.

వెంటనే రాయి.

అన్న ఎర్మిందో


మార్ దెల్ ప్లాతా
21 జనవరి

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. నీ తిట్టు నీదే, ఏం మారలేదు. తర్వాత నవ్వు రాలేదు.

ఒరెస్తెకు నీ ఉత్తరం చూపించలేదు. ఆయన ఆరోగ్యం బాగాలేదు. ముప్పై ఏళ్ళు మాంసం గిడ్డంగి చల్లగదుల్లో పనిచేసిన ఊపిరితిత్తులు. సముద్రం గాలి మంచిదని డాక్టరు చెబితే కదా ఇక్కడికొచ్చి పడ్డాం. గాలి మంచిదే, పీల్చుకోవటానికి ఆయనకే ఓపిక లేదు. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు.

జామీను సంగతి కుదరదు. కోపం తెచ్చుకోకు. ఆ ఇల్లు ఇప్పుడు ఇలాంటి పనికి పెట్టే స్థితిలో లేదు. ఎందుకని అడగకు. నాకు మనసు లేదనుకో, నా మొగుడు వద్దన్నాడనుకో, ఏమన్నా అనుకో. ఇన్నేళ్ళకు నన్నొకటి అడిగావు, అదీ నేను ఇవ్వలేనిది అడిగావు.

ఇంకెవరినైనా చూడు. నలభై ఏళ్ళు ఉన్న చోట ఒక్కరూ ఉండరా?

నువ్వు వేళకు తింటున్నావా? ఆ సంగతి రాయలేదు.

చెల్లెలు ఎల్విరా


సాన్ తెల్మో
4 ఫిబ్రవరి

ఎల్విరా,

"స్థితిలో లేదు" అని రాశావు. ఇల్లేమన్నా బాలింతా? గోడలున్నాయి, పైకప్పుంది, దస్తావేజు నీ పేరున ఉంది. నా సగం కూడా అందులోనే ఉంది. స్థితి లేనిది ఇంటికి కాదు, నీ మొగుడికి. మంచాన పడినా మాట మాత్రం నడుస్తోందన్నమాట.

ఇంకెవరినైనా చూడమన్నావు. చూశాను.

ముందు ఫబియాన్‌ను అడిగాను. హోటలు నిండా జనం, కత్తి పట్టుకుని ఉల్లిపాయలు కోస్తున్నాడు. "నీ సంతకం కావాలయ్యా" అన్నాను. "ఎర్మిందో గారూ, నాకే ఇల్లు లేదండీ. ఈ హోటలు అద్దె, నేనుండేది అద్దె. నా జామీను మా అత్తగారు. ఆవిడ నాతో మాట్లాడి ఏడాదైంది. నెల మొదట్లో అద్దె కట్టానో లేదో కనుక్కోటానికి మాత్రం ఫోను చేస్తుంది" అన్నాడు.

తర్వాత పాత సామాన్ల కొట్టు ముసలాయన. ఇరవై ఏళ్ళుగా ఆయన కుర్చీలు నేనే అల్లుతున్నాను. "నీకోసం ప్రాణమన్నా ఇస్తాను గానీ ఇల్లు మాత్రం నా భార్య పేర ఉంది" అన్నాడు. ప్రాణం నాకెందుకు?

గాలరీ కుర్రాడి దగ్గరకు కూడా పోయాను. వాడితో నాకు తగువుంది. నేను పారేసిన కుర్చీ ఒకటి వీధిలోంచి ఏరుకుపోయి గోడకు కొట్టాడు. కింద చీటీ మీద "లేమి" అని రాశాడు. "బాబూ, ఆ అల్లిక నాలుగో వరసలో తప్పింది, అందుకే పారేశాను. చూసినవాళ్ళు ఎర్మిందో పని ఇంతేనా అనుకుంటారు, దించు" అన్నాను. "తప్పు ఉంది కాబట్టే తెచ్చాను తాతగారూ" అన్నాడు. ఆ తగువు మింగేసి, జామీను అడిగాను. వాడిదీ అద్దే. వాడి జామీను ఎక్కడో ఉన్న మేనత్త.

అప్పుడు అర్థమైంది. ఈ వీధంతా, ఆ దీపాలూ, ఆ వైనూ, ఆ పాటలూ, ఇక్కడ లేని ముసలాళ్ళ సంతకాల మీద నడుస్తోంది. ఒక్కడికీ సొంత గడప లేదు. నాకు సంతకం పెట్టే ముసలిది ఒక్కతే ఉంది, అది పెట్టనంటోంది.

డెబ్బై నాలుగేళ్ళు నాకు. ఈ గది పోతే ఎక్కడికి పోవాలి? కుర్చీలు తడిపే తొట్టి నెత్తిన పెట్టుకుని రైలు స్టేషనులో కూర్చోనా? ఇలా రాయటానికి నాకు సిగ్గుగా ఉంది. రాయించావు.

ఇంకోసారి అడుగుతున్నాను. మూడోసారి అడగను.

ఎర్మిందో


మార్ దెల్ ప్లాతా
15 ఫిబ్రవరి

అన్నయ్యా,

ఒరెస్తెను అనకు. ఆయనకు నీ ఉత్తరాల సంగతే తెలియదు. నోటరీ ముందు అన్న ఆ మాటకు ఆయన ఎన్నోసార్లు బాధపడ్డాడు. నీకు చెప్పటానికి రెండుసార్లు బస్సు టికెట్టు కొన్నాడు కూడా. ఎక్కలేదు. మీ మగాళ్ళకు టికెట్టు కొనడం వరకే వస్తుంది.

నా మాట విను. ఇక్కడికి వచ్చెయ్యి. ముందు గదిలో సోఫా ఉంది. కాళ్ళు కొంచెం బయటికొస్తాయి, అంతే. హోటళ్ళు బోలెడు ఉన్నాయి, అన్నిట్లోనూ కుర్చీలున్నాయి.

రానంటావు. తెలుసు. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకో. కాఫీ హోటళ్ళలో కూర్చుని జామీన్లు అమ్మేవాళ్ళుంటారు. ముక్కూమొహం తెలియని వాళ్ళ ఇంటి కాగితం డబ్బు తీసుకుని ఇస్తారు. వాళ్ళ జోలికి పోకు. ఆ కాగితాల వెనక ఏముందో నీకు తెలియదు. సంతకం పెట్టేవాళ్ళకూ తెలియదు. నీకు దణ్ణం పెడతాను, పోకు.

ఎల్విరా


సాన్ తెల్మో
6 మార్చి

ఎల్విరా బెలోమో గారికి,

నువ్వు వద్దన్న చోటికే పోయాను.

నాకు తెలిసిన ఒకే ఒక్క జామీన్ల మనిషి మన వీధి చివర మాంసం కొట్టు గార్రో కొడుకు తీతో. మాతాదెరోస్‌లో, పశువుల సంత ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చుంటాడని ఎవరో చెప్పారు. ఇరవై రెండేళ్ళ తర్వాత ఆ వైపు బస్సెక్కాను. మన వీధి మలుపులో తల పక్కకు తిప్పుకున్నాను.

తీతోకు వాళ్ళ నాన్న పొట్టే వచ్చింది. నన్ను చూసి లేచి కావలించుకున్నాడు.

"బాబాయ్! ఇంకా ఉన్నావా! మా నాన్న పోయేదాకా నీ మాటే!"

"మీ నాన్న నాకు ఎముకలు తూచి మాంసం ధర కట్టేవాడు. ఆ సంగతి వదిలెయ్. జామీను అమ్ముతావట?"

"అమ్మటమేంటి బాబాయ్, సాయం అను. ఇళ్ళున్న ముసలమ్మలకు చేతిలో డబ్బాడదు. డబ్బు సంపాదించే మీకు ఇళ్ళుండవు. ఇద్దరినీ కలిపి పుణ్యం కట్టుకుంటున్నా."

"పుణ్యానికి ధరెంత?"

చెప్పాడు. ఎక్కువే. ఇచ్చాను.

"మనిషి గట్టిదేనా?" అన్నాను.

"బంగారం. ఒక్కతే యజమానురాలు, ఇంటి మీద మచ్చ లేదు. ఎవరికి, ఏమిటి అని అడగదు. తెల్లకాగితాలు పంపితే సంతకాలు పెట్టి తిరుగు టపాలో పంపేస్తుంది. పైన పేర్లు నేను రాసుకుంటా."

కవరు నా చేతిలో పెడుతూ వాడు నవ్వాడు. "ఇక్కడ విప్పకు బాబాయ్. ఇంటికెళ్ళి తీరిగ్గా చూసుకో" అన్నాడు. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఇంటికొచ్చి విప్పాను. ముందు రిజిస్ట్రీ కాగితం. బ్రగాదో వీధి. మన ఇంటి నంబరు. అమ్మ తలుపు మీద చాక్‌పీసుతో రాసి నాకు నేర్పిన నంబరు. కింద నీ సంతకం. మొదటి అక్షరానికి తోక పెడతావు చూడు, బళ్ళో కన్యాస్త్రీ చేత ఎన్ని దెబ్బలు తిన్నా మానలేదు, ఆ తోక.

వాడికి తెలుసు. తెలిసే నా చెల్లెల్ని నాకు అమ్మాడు.

ఎవడో దారిన పోయేవాడికి, పేరైనా అడగకుండా, డబ్బుకు పెడతావు. నేను రెండుసార్లు చెయ్యి చాచాను. నాకు లేదు. "కుదరదు", "అడగకు", "వేళకు తింటున్నావా". నేను తిన్నానో లేదో నీకెందుకు?

ఇప్పుడు నీ సంతకం నా బల్ల మీద ఉంది. నీ ఇష్టంతో పని లేకుండా వచ్చింది. పదిహేను రోజుల్లో వెళ్ళి ఆ లోరెనా ముందు పెట్టి ఒప్పందం రాసుకుంటాను. ఒప్పందం మీద జామీను: ఎల్విరా బెలోమో. నీకు ఇష్టమున్నా లేకపోయినా నాకు పూచీ పడ్డావు.

దీనికి జవాబు రాయకు.

ఎర్మిందో


మార్ దెల్ ప్లాతా
13 మార్చి

అన్నయ్యా,

జవాబు రాయకన్నావు. రాస్తున్నాను. చదివాక ఆ కాగితాన్ని ఏం చేస్తావో నీ ఇష్టం. కానీ చదవకుండా చేయకు.

మూడేళ్ళ క్రితం తీతో ఇక్కడికి సెలవులకొచ్చి మా తలుపు తట్టాడు. ఒరెస్తెకు అప్పుడే సిలిండరు మొదలైంది. పింఛను మందులకే చాలదు. "పిన్నీ, ఒక్క సంతకం, ఆసుపత్రిలో పనిచేసే మొగుడూ పెళ్ళాలు, వజ్రాల్లాంటి వాళ్ళు" అన్నాడు. పెట్టాను. వాళ్ళు నిజంగానే వజ్రాలు, నెలనెలా కట్టుకున్నారు. తీతో డబ్బు పంపాడు. ఆ నెల సిలిండరు గడిచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వాడు తెల్లకాగితాలు కట్టలుగా పంపడం మొదలెట్టాడు. వంటింట్లో కూర్చుని, ఒరెస్తె నిద్రపోయాక, కూరగాయలు తరిగినట్టు సంతకాలు పెట్టేదాన్ని. ఎవరికో, ఎన్నో నాకు తెలియదు. ఇప్పుడు కోర్టువాళ్ళు చెబితే తెలిసింది, పదకొండు.

పదకొండు మందిలో నలుగురు కట్టలేదు. ఇద్దరు మీ వీధిలాంటి వీధుల్లోనే, ఒకడిది ఏదో హోటలట, ఆర్నెల్లలో మూతపడింది. అక్టోబరులో ఇల్లు జప్తు చేశారు. ఇంట్లో అద్దెకున్న కుటుంబం భయపడి వెళ్ళిపోయింది. ఏప్రిల్ ఇరవై ఆరున వేలం.

అర్థమైందా? నీ చేతిలో ఉన్న రిజిస్ట్రీ కాగితం జప్తుకు ముందుది. అది చెల్లదు. తీతోకు అది కూడా తెలుసు. నేను నీకు కుదరదన్నది ఇందుకు. జప్తులో ఉన్న ఇంటిని చూపించి నీకు జామీను పడితే, వాళ్ళు వెళ్ళి వాకబు చేస్తే, నిన్ను ఆ ఆఫీసులోంచి మెడపట్టి గెంటేవాళ్ళు. అమ్మ ఇల్లు నేనేం చేశానో నీకు తెలిసిపోయేది. నువ్వు ఒక్క మాట కూడా అనకుండా వదిలిపెట్టిన ఇల్లు. ఏ ముఖంతో చెప్పను?

ఒరెస్తెకు తెలియదు. దగ్గు ఆగినప్పుడల్లా, "నేను పోయినా నీకు మాతాదెరోస్ ఇల్లుంది, ఆ ధైర్యం చాలు" అంటాడు. నేను అవునంటాను. కోర్టు కాగితాలు పిండి డబ్బాలో దాస్తున్నాను.

ఇప్పుడు నా మాట. ఆ కాగితం వాళ్ళకు ఇచ్చెయ్. వాళ్ళు చూడకపోవచ్చు. చూసినా మోసం నాది, సంతకం నాది, జైలు నాకే. ముక్కూమొహం తెలియని పదకొండు మందికి పెట్టాను. నీకు పెట్టింది ఒక్కటైనా పనికి రానివ్వు.

ఎల్విరా


సాన్ తెల్మో
22 మార్చి

ఎల్విరా,

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు కుర్చీ ముట్టుకోలేదు. నిన్న ఆఫీసుకు వెళ్ళాను. చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాను. కవరు చంకలో ఉంది. ఇచ్చెయ్యాలనే వెళ్ళాను. అబద్ధం ఎందుకు.

లోరెనా కుర్చీ చూపించింది. కాఫీ తెప్పించింది. ఒప్పందం అచ్చేసి సిద్ధంగా పెట్టింది. నా పేరు తప్పుల్లేకుండా రాసి ఉంది. "జామీను కాగితం ఇటివ్వండి తాతగారూ, ఇక్కడొక సంతకం, ఇక్కడొకటి, అయిపోయింది" అంది. కలం నా చేతిలో పెట్టింది.

ఆ కలం పట్టుకోలేకపోయాను.

జామీను అడిగినప్పుడు నీకు ఒక సంగతి చెప్పలేదు. కుడిచేతి వేళ్ళు మూడు మూసుకోవటం లేదు. పోయిన చలికాలం నుంచి. ఈ ఉత్తరాలు కూడా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని గంటల తరబడి గీస్తున్నవే. గాలరీలో వేలాడుతోందే తప్పు అల్లిక, అది అప్పటిదే. పని బోలెడుందని రాశాను. ఉంది, చేసేవాడు లేడు. వారానికి నాలుగు కుర్చీలల్లేవాణ్ణి, ఇప్పుడు ఒకటి, అదీ వంకర. ఈ కంపెనీ అద్దె ఆరు నెలలు కడతానేమో, ఏడో నెల కట్టలేను. అది తెలిసే నిన్ను సంతకం అడిగాను. "చీమంత భయం లేదు" అని రాశాను కదా, రాసేటప్పుడే అది అబద్ధం. నువ్వు నీ మొగుడి కోసం ఇల్లు ఒడ్డావు. నేను నా గది కోసం నీ ఇల్లు ఒడ్డటానికి వచ్చాను. నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకునే వీలుంటే తీసుకునేవాణ్ణి.

కలం బల్ల మీద పెట్టి చెప్పేశాను. "అమ్మాయీ, ఈ కాగితం చెల్లదు. ఆ ఇల్లు జప్తులో ఉంది. సంతకం నా చెల్లెలిది, అది మోసం చేసే మనిషి కాదు, మోసపోయింది. ఈ కాగితం కొన్నది నేను."

నా గొంతు సంగతి నీకు తెలుసు. గుసగుసగా మాట్లాడటం నాకు రాదు. ఆఫీసంతా తలలెత్తింది. వెనక బల్ల దగ్గర పెద్దాయన కూడా.

ఆ పిల్ల నన్ను గుమ్మం దాకా సాగనంపి మెల్లగా అంది, "ఎందుకు చెప్పారు తాతగారూ? మేం ఏ కాగితమూ వెళ్ళి చూడం. ఫైల్లో పెట్టేస్తాం, అంతే. సంతకం పెట్టుంటే ఈపాటికి ఇంటికెళ్ళి పని చేసుకుంటూ ఉండేవారు. ఇప్పుడు ఆయన విన్నాక నేను చేసేదేం లేదు."

"కనీసం మెల్లగా చెప్పుండాల్సింది" అని కూడా అంది. కళ్ళు తుడుచుకుంది. నేను ఆమెకు సారీ చెప్పి వచ్చాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు.

తొమ్మిది రోజులుంది. ఫబియాన్ సామాను పెట్టుకోవటానికి చోటిస్తానన్నాడు, సామానుకు మాత్రమే. గాలరీ కుర్రాడు వచ్చి నా అల్లిక బల్ల కొంటానన్నాడు, ఇంకో గోడకు కాబోలు. పొమ్మన్నాను. మధ్యాహ్నమైతే వీధి నిండా జనం, నవ్వులు, గ్లాసుల చప్పుడు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి నీళ్ళు మోసుకెళుతుంటే ఒకావిడ నా ఫోటో తీసింది. అంత కోపం నాకెప్పుడూ రాలేదు, అంత భయం కూడా. ఈ వయసులో ఎక్కడ పడుకోవాలో తెలియకపోవటం అంటే ఏమిటో నువ్వు ఊహించకు.

నీ సోఫాకు రాను. ఒరెస్తె నన్ను చూస్తే ఎందుకొచ్చానని అడుగుతాడు, నువ్వు చెప్పాల్సి వస్తుంది.

ఒక్కటి అడుగుతాను. బ్రగాదో వీధి ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుంది?

అన్న ఎర్మిందో


మార్ దెల్ ప్లాతా
26 మార్చి

అన్నయ్యా,

ఈ కవర్లో ఉంది, రుమాల్లో చుట్టాను. ఎవరికీ ఇవ్వలేదు. కోర్టువాళ్ళు అడగలేదు, నేను ఇవ్వలేదు.

కరెంటు కోసేశారు. నీళ్ళు పెరట్లో కుళాయికి మాత్రం వస్తాయట. వేలానికి ముందు కోర్టు అమీనా వచ్చి ఇంట్లో ఎవరున్నారో రాసుకుంటాడు. ఖాళీగా ఉందని రాసుకోవటానికే వస్తాడు. నిన్ను చూస్తే పొమ్మంటాడు. పోలీసులతో వస్తే ఏం చేస్తావు? నీకు ఏమన్నా అయితే నేను ఎలా బతకాలి?

అయినా పంపుతున్నాను. వద్దనే మొహం నాకు లేదు.

నీ వేళ్ళ సంగతి ముందే రాసి ఉంటే ఏం పోయేది? నేనూ ముందే రాసి ఉండాల్సింది. ఇద్దరం అమ్మ పిల్లలమే.

ఎల్విరా


బ్రగాదో వీధి, మాతాదెరోస్
3 మే

చెల్లెలు ఎల్విరాకు,

నెలపైన రాయలేదని కంగారు పడి ఉంటావు. ఏమవుతుందో తెలిశాక రాద్దామనుకున్నాను.

మార్చి ముప్పైన వచ్చాను. మంచం ఒకటి, తొట్టి, రెండు కుర్చీలు తెచ్చుకున్నాను. వంటింటి గోడ తడిసి ఉబ్బింది. పెరట్లో గడ్డి నడుముదాకా పెరిగింది. మే వచ్చింది, చలికాలం మొదలైంది, ఇక్కడ నేల మీంచి వస్తుంది చలి. పొద్దుపోతే చేసేదేం లేదు కనుక పడుకుంటాను. నా గురించి ఇంతకంటే అడగకు, రాయను.

ఏప్రిల్ పదకొండున అమీనా వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, తోలు సంచి, బూట్ల నిండా మన వీధి బురద. తలుపు తట్టకుండా తాళం తీసేవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నేను లోపల్నుంచి తీశాను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎవరు మీరు?" అన్నాడు.

"ఇంట్లోవాణ్ణి. బూట్లు తుడుచుకుని రా."

తుడుచుకున్నాడు. కాగితం తీశాడు. "ఏ హక్కుతో ఉంటున్నారు? అద్దె ఒప్పందం ఉందా?"

"లేదు."

"దస్తావేజులో మీ పేరుందా?"

"ఒకప్పుడు ఉండేది. తీసేయించుకున్నాను."

"ఎందుకు?"

"పొగరుబోతుని కనుక. అది కూడా రాసుకుంటావా?"

తాళాలవాడు నవ్వాడు. అమీనా నవ్వలేదు. "పెద్దాయనా, నేను రాసేది కోర్టుకు. ఏదో ఒకటి రాయాలి. హక్కు లేదని రాయనా?"

"యజమానురాలికి అన్న అని రాయి."

"అది హక్కు కాదండీ."

"తెలుసు. రాయి."

ఖాళీ చేస్తారా అని అడిగాడు. చెయ్యనన్నాను. పోలీసులతో రావలసి వస్తుందన్నాడు. రమ్మన్నాను. దానికి వేరే ఆర్డరు కావాలి, నెలలు పడుతుంది అని తనే మెల్లగా అన్నాడు. నాకు చెప్పాలని అన్నాడో, తనలో తను అనుకున్నాడో తెలియదు. తర్వాత గోడకు కాగితం ఆనించి రాశాడు. నేను చదవమంటే చదివి వినిపించాడు. ఇంట్లో ఎర్మిందో బెలోమో, డెబ్బై నాలుగేళ్ళు, కుర్చీలల్లే పని, యజమానురాలి అన్న, నివసిస్తున్నాడు, ఖాళీ చేయటానికి ఒప్పుకోవటం లేదు.

సంతకం పెట్టమన్నాడు. నా వేళ్ళు చూసి సిరా పెట్టె తీశాడు, వేలిముద్ర చాలన్నాడు. నేను వేలిముద్ర వేసే మనిషిని కానన్నాను. కలం పిడికిట్లో పట్టుకుని పేరంతా రాశాను. చాలాసేపు పట్టింది. అతను కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఇరవై ఆరున వేలం పెట్టారు. నేను పోలేదు, ఇల్లు వదిలితే వెనక తాళం వేస్తారని. మూల ఇంటి ఆవిడ పోయి వచ్చి చెప్పింది. వేలంపాట మొదలెట్టే ముందు, మనిషి ఉన్న ఇల్లు అని చదివారట. మాతాదెరోస్‌లో ఇల్లు కొని హోటలు పెడతామని వచ్చినవాళ్ళు ఇద్దరున్నారట. ఈ వీధికి కూడా దీపాలు పెడతారట త్వరలో, వాళ్ళకు ముందే తెలుసు. "ముసలాడితో సహా ఎవడు కొంటాడయ్యా" అని ఒకడు లేచి వెళ్ళిపోయాడట. రెండోవాడు కూడా పాడలేదు. మళ్ళీ పెడతారు, ధర తగ్గించి. ఎప్పుడో చెప్పలేదు. నా మీద ఆర్డరు కూడా ఎప్పుడో వస్తుంది. నేను చట్టం చదవలేదు. వచ్చేదాకా మాత్రం ఉంటాను. అంతవరకే నా చేతిలో ఉంది.

తీతో ఒకసారి వీధిలోకి వచ్చాడు. అవతలి వైపు నుంచే అరిచాడు. "బాబాయ్, ఆ ఇంట్లో నీకేం దొరుకుతుంది?" నేను గుమ్మంలో నిలబడి వాళ్ళ నాన్న ఎముకలు తూచిన సంగతి వీధంతా వినేట్టు చెప్పాను. నా గొంతు ఇక్కడ పనికొచ్చింది.

తెల్లకాగితాలు వస్తే సంతకం పెట్టకు. తిరిగి పంపకు కూడా. పొయ్యిలో పెట్టు.

ఒరెస్తెతో అబద్ధం చెప్పక్కర్లేదు. ఇల్లు ఉంది, అందులో మీ బావమరిది ఉన్నాడు అని చెప్పు. ఎన్నాళ్ళో మాత్రం చెప్పకు, మనకే తెలియదు.

కొంటామని ఇల్లు చూడటానికి రేపు మళ్ళీ ఎవరో వస్తున్నారట. గడ్డం గీసుకోవాలి.

అన్న ఎర్మిందో